గియోర్గీ వోరొనోయ్ - సరిహద్దులు గీసిన గణితజ్ఞుడు

లెక్కలు చదివే ప్రతి విద్యార్థికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పని ప్రశ్న ఒకటుంది. ఇవన్నీ దేనికి పనికొస్తాయి అన్నదే ఆ ప్రశ్న. ఇంట్లో పెద్దలు అడుగుతారు. పక్క డిపార్ట్‌మెంటు మిత్రులు నవ్వుతూ అడుగుతారు. పరీక్షల ముందు రాత్రి హాస్టల్ గదిలో మనల్ని మనమే ప్రశ్నించుకుంటాం. దీనికి వాదించి జవాబు చెప్పడం కష్టం. ఒక మనిషి జీవితం చెప్పుకుంటే కొంత సులువవుతుంది.

ఆ మనిషి గియోర్గీ ఫియొడోసియెవిచ్ వోరొనోయ్. 1868 లో పుట్టి 1908 లో పోయాడు. బతికింది నలభై ఏళ్ళు. ఆయన పనంతా శుద్ధ గణితం. అందులోనూ సంఖ్యావాదం, అంటే నిత్యజీవితంలో ఏ పనికీ రాదని ఆ రోజుల్లో అందరూ ఒప్పుకున్న శాఖ. అటువంటి మనిషి ఆలోచన తరువాతి కాలంలో వర్షపాతం లెక్కకట్టే ఇంజనీరుకూ, స్ఫటికాలను పరిశీలించే భౌతికశాస్త్రజ్ఞుడికీ, మ్యాపులు తయారుచేసే కంప్యూటరు ప్రోగ్రామరుకూ తప్పనిసరి అయింది. కంప్యుటేషనల్ జామెట్రీ అనే శాఖలో ఆయన పేరు వినబడకుండా ముగిసే సదస్సు అరుదు. ఆ పేరు అక్కడిదాకా ఎలా చేరింది, మధ్యలో ఎవరెవరు దాన్ని మోసుకొచ్చారు అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతి.

నాలుగు బావుల వూరు

ముందుగా ఆయన పేరుతో పిలిచే పటం ఎటువంటిదో చూద్దాం.

ఒక వూళ్ళో నాలుగు మంచినీళ్ళ బావులు వున్నాయనుకోండి. బిందె మోసుకుపోయే వాళ్ళు ఎవరైనా తమ ఇంటికి దగ్గరలో వున్న బావికే పోతారు. అయితే ఏ ఇల్లు ఏ బావి కిందికి వస్తుంది? రెండు బావుల్ని కలుపుతూ ఒక గీత గీసి, దాన్ని సరిగ్గా మధ్యలో లంబంగా ఖండించే ఇంకో గీత గీస్తే సరి. ఆ గీతకు ఇటుపక్క వాళ్ళకు ఈ బావి దగ్గర, అటుపక్క వాళ్ళకు ఆ బావి దగ్గర. మనం హైస్కూల్లో చదువుకున్న లంబ సమద్విఖండన రేఖే ఇది. ప్రతి రెండు బావులకూ ఇలా గీసి, అక్కర్లేని ముక్కలు చెరిపేస్తే వూరు మొత్తం నాలుగు వాటాలు పడుతుంది. మూడు వాటాల సరిహద్దులు కలిసే చోట నిలబడిన మనిషికి మూడు బావులూ సమాన దూరంలో వుంటాయి. అంటే ఆ చోటు ఆ మూడు బావుల మీదుగా పోయే వృత్తానికి కేంద్రమన్నమాట. ఆ వృత్తం లోపల నాలుగో బావి వుండదు. ఈ చివరి మాట కాస్త జ్ఞాపకం వుంచుకోండి, తరువాత అవసరం వస్తుంది.

బావుల బదులు బిందువులు అనుకుంటే ఇదే వోరొనోయ్ పటం. ఈ ఆలోచన ఆయనతోనే పుట్టిందనడం మాత్రం సరికాదు. 1644 లో డెకార్ట్ అచ్చు వేయించిన గ్రంథంలో నక్షత్రాల చుట్టూ ఆకాశాన్ని ఇటువంటి వాటాలుగా చూపిన బొమ్మ వుంది. 1850 లో జర్మన్ గణితజ్ఞుడు డిరిక్లె రెండు, మూడు పరిమాణాల్లో దీన్ని వాడుకున్నాడు. 1854 లో లండన్ నగరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో చనిపోయినవాళ్ళ ఇళ్ళను పటం మీద గుర్తుపెట్టాడు. బ్రాడ్ స్ట్రీట్‌లోని నీళ్ళ పంపుకూ చుట్టుపక్కల పంపులకూ నడక దూరం సమానంగా వుండే గీత ఒకటి తరువాత ఆ పటం మీద గీస్తే, చావుల్లో చాలా భాగం బ్రాడ్ స్ట్రీట్ పంపు వాటాలోనే పడ్డాయి. నీళ్ళ ద్వారా కలరా వ్యాపిస్తుందని చెప్పడానికి అదొక బలమైన సాక్ష్యమైంది.

మరి పేరు వోరొనోయ్‌ది ఎందుకయింది? మిగిలినవాళ్ళు తమకు కావలసిన మేరకు బొమ్మ గీసుకుని వదిలేశారు. వోరొనోయ్ దాన్ని ఎన్ని పరిమాణాలకైనా పనికివచ్చే సిద్ధాంతంగా, నిరూపణలతో సహా నిలబెట్టాడు.

బాల్యం, విద్యాభ్యాసం

వోరొనోయ్ 1868 ఏప్రిల్ 28 న జురావ్కా అనే పల్లెలో పుట్టాడు. అది అప్పటి రష్యా సామ్రాజ్యంలోని పొల్టావా ప్రాంతంలో వుండేది. ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో వుంది. తండ్రి రష్యన్ సాహిత్యం బోధించిన అధ్యాపకుడు. పిల్లవాడికి అబ్బింది మాత్రం లెక్కలు.

ప్రిలుకీ అనే పట్నంలోని ఉన్నత పాఠశాలలో చదువుతుండగా ఒక సంఘటన జరిగింది. కీవ్ విశ్వవిద్యాలయంలో యెర్మకోవ్ అనే ఆచార్యుడు విద్యార్థుల కోసం, ఉపాధ్యాయుల కోసం ఒక గణిత పత్రిక నడిపేవాడు. అందులో ఆయన పాఠకుల ముందు ఒక విషయం పెట్టాడు: బహుపదులను కారణాంకాలుగా విడగొట్టడంలో వర్గ సమీకరణ మూలాల ధర్మాలు ఎలా ఉపయోగపడతాయి అని. ప్రిలుకీ కుర్రవాడు దీని మీద ఒక వ్యాసం రాసి పంపాడు. 1885 లో అది అచ్చయింది. అప్పటికి అతని వయస్సు పదిహేడు. పిల్లలకు పాఠం చెప్పి వూరుకోకుండా వాళ్ళ ముందు ఒక సమస్య పెట్టి, రాసింది అచ్చువేసే పెద్దమనిషి ఒకడు వుండటం ఎంత పని చేస్తుందో చూడండి.

అదే సంవత్సరం సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో భౌతిక, గణిత శాస్త్రాల విభాగంలో చేరాడు. చేతిలో డబ్బు తక్కువ. ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు సాగించాడు. డైరీ రాసే అలవాటు వుండేది. తనకు నిజంగా ప్రతిభ వుందా లేదా, పెద్ద గణితం చెయ్యడానికి తను చాలతాడా అన్న దిగులు ఆ పేజీల్లో కనిపిస్తుంది. క్లాసులో మొదటి వరుసలో కూర్చునేవాళ్ళకు కూడా ఈ దిగులు వుంటుందని తెలిస్తే మనలో చాలామందికి కాస్త ధైర్యం వస్తుంది.

అక్కడ ఆయనకు గురువు ఆంద్రేయ్ మార్కోవ్. స్టాటిస్టిక్స్ విద్యార్థులు మార్కోవ్ చెయిన్స్ అని చదువుకుంటారే, ఆ మార్కోవే. 1889 లో వోరొనోయ్ పట్టభద్రుడయ్యాడు. బెర్నూలీ సంఖ్యల మీద చేసిన పని మార్కోవ్‌కు నచ్చింది. ఆచార్య పదవికి తయారు కావడానికి విశ్వవిద్యాలయం ఆయన్ని నిలబెట్టుకుంది. ఆ రోజుల్లోనే పీటర్‌హాఫ్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్పాడు. 1891 లో ఓల్గాతో వివాహమైంది. వాళ్ళకు ఆరుగురు సంతానం.

అంతు చూసే పద్ధతి

1894 లో మాస్టర్ పట్టా కోసం సమర్పించిన పరిశోధనా, 1897 లో డాక్టరేట్ కోసం సమర్పించిన పరిశోధనా రెండూ ఘన సమీకరణాల చుట్టూ తిరుగుతాయి. వాటి సారం తేలిగ్గా చెప్పుకోవచ్చు.

రెండు వర్గమూలాన్ని భిన్నం కింద భిన్నం, దాని కింద మళ్ళీ భిన్నంగా గొలుసులా రాసుకుంటూ పోతే, ఒకే అంకె మళ్ళీ మళ్ళీ వస్తుంది. వర్గ సమీకరణాలకు మూలాలైన కరణీయ సంఖ్యలన్నిటికీ ఇలా ఆవృతమయ్యే గొలుసే వస్తుందని 18 వ శతాబ్దంలో లగ్రాంజ్ నిరూపించాడు. ఆ ఆవృతం చేతికి చిక్కితే ఆ సంఖ్యల గురించి చాలా సంగతులు లెక్కకట్టవచ్చు. కాని ఘనమూలాల దగ్గరికి వచ్చేసరికి ఈ గొలుసు దారి చూపదు. ఎంతదూరం పోయినా ఒక వరుస కనబడదు. వోరొనోయ్ ఈ గొలుసు పద్ధతినే పెంచి, ఘన సమీకరణాలకు కూడా ఆవృతం దొరికే దారి కనిపెట్టాడు. అది కేవలం వుంది అని చెప్పే సిద్ధాంతం కాదు. కాగితం, పెన్సిలు తీసుకుని మెట్టు తరువాత మెట్టు చేసుకుంటూ పోతే జవాబు చేతికొచ్చే పద్ధతి. నేటి మాటలో చెప్పాలంటే ఆల్గారిథమ్. ఈ రెండు గ్రంథాలకూ సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడెమీ బున్యకోవ్‌స్కీ బహుమతి ఇచ్చింది.

ఆయన స్వభావం ఇక్కడే తెలిసిపోతుంది. ఒక వస్తువు వుందని చెప్పి తృప్తిపడే మనిషి కాడు. దాన్ని పట్టుకునే విధానం కూడా చెప్పాలి. కంప్యూటర్లు వచ్చిన తరువాత ఆయన గణితానికి కొత్త ప్రాణం రావడానికి ఒక కారణం ఇదే.

వార్సా విశ్వవిద్యాలయం

1894 లో ఆయన వార్సా విశ్వవిద్యాలయంలో శుద్ధ గణిత ఆచార్యుడయ్యాడు. ఆ వుద్యోగం వెనక ఒక రాజకీయం వుంది. దాన్ని చెప్పకుండా ఆయన జీవితం చెప్పడం కుదరదు.

వార్సా పోలండు నగరం. పోలండు అప్పుడు స్వతంత్ర దేశం కాదు. ఆ భాగాన్ని రష్యా జారు ఏలుతున్నాడు. 1863 లో పోలిష్ ప్రజలు తిరుగుబాటు చేసి ఓడిపోయాక, అక్కడి ఉన్నత విద్యాలయాన్ని 1869 లో రష్యన్ విశ్వవిద్యాలయంగా మార్చేశారు. పాఠం రష్యన్‌లో, పరీక్ష రష్యన్‌లో. క్లాసులో కూర్చునేది మాత్రం పోలిష్ కుర్రవాళ్ళు. బోధనాభాష గురించి మన రాష్ట్రాల్లో జరిగిన చర్చలు ఎరిగిన వాళ్ళకు ఆ కుర్రవాళ్ళ మనఃస్థితి వూహించడం కష్టం కాదు. వోరొనోయ్ ఆ ప్రభుత్వపు ఆచార్యుడు. చిత్రమేమిటంటే ఆయన పుట్టిన నేల మాట కూడా అణగిపోయి వున్నదే. ఉక్రేనియన్ భాషలో పుస్తకాలు అచ్చు వెయ్యడాన్ని జారు ప్రభుత్వం 1876 లో నిషేధించింది. ఉక్రెయిన్ మనిషి, రష్యన్‌లో పాఠం చెప్పి, ఫ్రెంచిలో పరిశోధన రాసి, పోలిష్ విద్యార్థులను తయారుచేశాడు.

ఆ విద్యార్థుల్లో ఒకడు వాక్లావ్ సియెర్పిన్‌స్కీ. త్రిభుజంలో త్రిభుజంగా చిల్లులు పడుతూ పోయే సియెర్పిన్‌స్కీ త్రిభుజం ఆయన పేరు మీదిదే. సంఖ్యావాదంలో వోరొనోయ్ చేసిన పనికి సంబంధించి వ్యాసం రాసిన విద్యార్థికి బంగారు పతకం ఇస్తామని 1903 లో విశ్వవిద్యాలయం ప్రకటించింది. సియెర్పిన్‌స్కీ రాశాడు, 1904 లో పతకం గెల్చుకున్నాడు. నియమం ప్రకారం ఆ వ్యాసం విశ్వవిద్యాలయ పత్రికలో రష్యన్‌లో అచ్చు కావాలి. తన మొదటి రచన పరాయి ప్రభుత్వ భాషలో రావడం ఇష్టం లేక అతను దాన్ని ఆపుకున్నాడు. 1907 లో పోలిష్ గణిత పత్రికలో అచ్చయిందాకా ఆగాడు. గురువు గణితాన్ని తీసుకున్నాడు, ప్రభుత్వపు భాషను తీసుకోలేదు. వోరొనోయ్ పద్ధతినే ఒక వృత్తం లోపల పడే పూర్ణాంక బిందువులు ఎన్ని అనే పాత సమస్యకు అన్వయించి, గౌస్ కాలంనాటి ఫలితాన్ని చాలా ముందుకు తీసుకుపోయాడు.

ఆ పద్ధతి వోరొనోయ్ 1903 లో ప్రకటించినది. ఒకటి నుంచి ఒక పెద్ద సంఖ్య దాకా వున్న అన్ని సంఖ్యలకూ భాజకాలు ఎన్నెన్ని వున్నాయో లెక్కపెట్టి కూడితే మొత్తం ఎంత వస్తుంది? దీనికి డిరిక్లె 1849 లో ఒక సూత్రం ఇచ్చాడు. అందులో రాగల తప్పు ఆ పెద్ద సంఖ్య వర్గమూలం స్థాయిలో వుంటుంది. వోరొనోయ్ దాన్ని దాదాపు ఘనమూలం స్థాయికి తగ్గించాడు. పది లక్షలకు వర్గమూలం 1000, ఘనమూలం 100. లాగరిథమ్‌నూ స్థిరాంకాలనూ పక్కన పెడితే, వెయ్యి దగ్గర వున్న సందేహాన్ని వంద దగ్గరకు తెచ్చాడన్నమాట. యాభై ఏళ్ళకు పైగా కదలని గీతను కదిలించాడు.

హైడెల్‌బర్గ్ మహాసభ

1904 ఆగస్టులో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మూడవ అంతర్జాతీయ గణిత మహాసభ జరిగింది. అది యాకోబీ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన స్మారకంగా కూడా సభ నడిచింది. అనంత సమితుల మీద హంగేరీ గణితజ్ఞుడు కోనిగ్ చదివిన పత్రం కాంటర్ సిద్ధాంతాన్నే కుదిపేసినట్టు కనిపించి పెద్ద అలజడి రేపింది. తరువాత అందులో తప్పు దొరికింది. ఇటువంటి పెద్ద సభకు వోరొనోయ్ వార్సా నుంచి వెళ్ళాడు.

ఆయన అక్కడ చదివిన పత్రం పూర్ణాంక గుణకాలున్న బహుపదుల విచక్షణికి సంబంధించిన ఒక అందమైన ధర్మం. అయితే దానికి దగ్గరి సంగతే స్టికెల్‌బెర్గర్ అనే గణితజ్ఞుడు 1897 లో జ్యూరిచ్‌లో జరిగిన మొదటి మహాసభలో చెప్పివున్నాడు. అందుకే ఇప్పుడు ఆ సిద్ధాంతాన్ని ఇద్దరి పేర్లతోనూ పిలుస్తారు. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే చేను దున్నడం గణితంలో మామూలే. పత్రికలు నెలల తరబడి ఆలస్యంగా చేరే ఆ రోజుల్లో ఇంకా మామూలు.

హైడెల్‌బర్గ్‌లో ఆయనకు కలిగిన పెద్ద లాభం హెర్మన్ మింకోవ్‌స్కీ పరిచయం. సంఖ్యల ప్రశ్నలకు రేఖాగణితంతో జవాబు వెతకడం మింకోవ్‌స్కీ పెట్టిన ఒరవడి. ఆ పేరుతోనే 1896 లో గ్రంథం తెచ్చాడు. మాట్లాడుకుంటే తెలిసింది, ఇద్దరూ దగ్గరదగ్గరగా ఒకే విషయాల మీద పనిచేస్తున్నారని. ఆచార్యులు సదస్సులకు పోతే సెలవులో షికారు పోయారని మనం నవ్వుకుంటాం గాని, ఒంటరిగా పనిచేసే మనిషికి తన ప్రశ్న ఇంకొకరికి కూడా ప్రశ్నేనని తెలియడం ఎంత బలమిస్తుందో చెప్పలేం.

సమ్మెలు, అనారోగ్యం

1905 వచ్చింది. రష్యా అంతటా విప్లవం రేగింది. వార్సాలో విద్యార్థులు తమ భాషలో చదువు కావాలని సమ్మెకట్టారు. అప్పటికి బడిలో పాఠాలు చెబుతున్న సియెర్పిన్‌స్కీ ఆ సమ్మెలో పాల్గొని, వుద్యోగం వదులుకుని క్రాకోవ్ వెళ్ళిపోయాడు. విశ్వవిద్యాలయం మూతపడింది, 1908 దాకా తెరుచుకోలేదు. ఆచార్యుల్లో కొందర్ని దక్షిణాన నొవొచెర్కాస్క్ పట్నానికి పంపారు. అక్కడ 1907 లో ప్రారంభమైన పాలిటెక్నిక్ సంస్థలో వోరొనోయ్ మెకానిక్స్ విభాగానికి డీన్‌గా పనిచేశాడు. అదే సంవత్సరం సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడెమీ ఆయన్ని కరస్పాండింగ్ సభ్యుడిగా ఎన్నుకుంది.

విద్యార్థుల న్యాయం విద్యార్థులది. ఆ గొడవల్లో ఇల్లు, వూరు మారుతూనే గణితం మానని మనిషి దీక్ష ఆయనది. రెంటినీ గౌరవించడంలో విరోధమేమీ లేదు.

ఈలోగా పిత్తాశయంలో రాళ్ళ జబ్బు ఆయన్ని పట్టుకుంది. డాక్టర్లు బుర్రకు పని పెట్టవద్దన్నారు. ఆ మాట ఆయన వల్ల కాలేదు. డైరీలో ఆ రోజుల సంగతి రాసుకున్నాడు. వర్గ రూపాల సమస్యలో తను వెతుకుతున్న పద్ధతి మొదటిసారి స్పష్టంగా కళ్ళకు కట్టిన రోజే నొప్పి కూడా తీవ్రంగా వచ్చి, సాయంత్రం పని చేసుకోనివ్వలేదు, రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. ఇంత కష్టపడి సంపాదించిన ఫలితాలు తనతోనే నశించిపోతాయేమోనన్న భయం ఆయన్ని పీడించింది.

ఆ భయంతోనే కావచ్చు, 1908 లో ఆయన తన జీవితంలోకెల్లా పెద్ద పని అచ్చుకు ఇచ్చాడు. బెర్లిన్ నుంచి వెలువడే క్రెల్లె పత్రికలో ఫ్రెంచి భాషలో వచ్చిన సుదీర్ఘ వ్యాసాలవి. చివరి భాగం వెలువడింది 1909 లో, ఆయన పోయాక.

మన నాలుగు బావులు ఈ వ్యాసాల్లోనివే. అక్కడ బావులు నాలుగు కాదు, లెక్కలేనన్ని. వరసలు తప్పకుండా వరినాట్లలా బారులు తీరి వుంటాయి. వూరు రెండు పరిమాణాల నేల కాదు; ఎన్ని పరిమాణాలైనా సరే. ఒక్కొక్క బిందువుకు దక్కే వాటా ఒక ఘనరూపం. అన్నీ ఒకే ఆకారం. సందు లేకుండా, ఒకదాని మీదికి ఒకటి రాకుండా ఆకాశాన్నంతా నింపుతాయి. ఇటుకలు గోడను నింపినట్టు. మూడు పరిమాణాల్లో ఇలా నింపగల రూపాలు అయిదు రకాలేనని ఫ్యెదొరోవ్ 1885 లో తేల్చివున్నాడు. పరిమాణాలు పెరిగితే ఏమవుతుంది? ప్రిమిటివ్ అనే తరగతికి చెందిన నింపుడు రూపం ఏదైనా, కాస్త సాగదీసి సర్దితే, ఏదో ఒక బిందు వరసకు చెందిన వాటాగా తేలుతుందని వోరొనోయ్ నిరూపించాడు. తరువాతి తరాలకు అదొక పెద్ద పరిశోధనా రంగమైంది.

1908 లో వేసవి సెలవులు జురావ్కాలో గడిపాడు. ఆరోగ్యం కుదుటపడలేదు. విశ్వవిద్యాలయం మళ్ళీ తెరుస్తున్నారని వార్సా వెళ్ళాడు. నవంబరు 20 న అక్కడే కన్నుమూశాడు. స్వగ్రామమైన జురావ్కాలో సమాధి చేశారు. రెండు నెలలైనా తిరగకుండా, 1909 జనవరి 12 న మింకోవ్‌స్కీ కూడా పోయాడు. హైడెల్‌బర్గ్‌లో కలిసిన ఇద్దరూ పోవడంతో, ఆ చేను దున్నేవాడు లేడనే అనిపించి వుంటుంది.

మోసుకొచ్చినవాళ్ళు

కాని అలా జరగలేదు. వార్సాలో నికోలాయ్ డెలోనే అనే మెకానిక్స్ ఆచార్యుడు వోరొనోయ్‌కు సహోద్యోగి. ఆయన కొడుకు బోరిస్‌కు చిన్నతనం నుంచే వోరొనోయ్ తెలుసు. వోరొనోయ్ పోయేనాటికి పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు. పెద్దయ్యాక ఆయన దారే పట్టాడు. 1934 లో ఒక చిన్న పరిశోధనా పత్రం ప్రకటించి, దాన్ని వోరొనోయ్ స్మృతికి అంకితం చేశాడు. ఇందాక జ్ఞాపకం వుంచుకోమన్న మాట అందులోనే వుంది: మూడు బావుల మీదుగా పోయే వృత్తం లోపల మరో బావి లేకపోతే ఆ మూడింటినీ త్రిభుజంగా కలపాలి. ఇలా కలుపుకుంటూ పోతే ప్రదేశమంతా త్రిభుజాలతో నిండుతుంది. దీన్ని డెలోనే త్రిభుజీకరణ అంటారు. వోరొనోయ్ పటం, డెలోనే త్రిభుజాలు ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ. ఒకటి తెలిస్తే రెండోది వచ్చేస్తుంది.

ఈలోగా ఇతరులు తమ తమ అవసరాల కొద్దీ ఇదే బొమ్మ గీసుకున్నారు. 1911 లో అమెరికా వాతావరణ శాఖకు చెందిన థీసెన్, వర్షమాపకాలు అక్కడొకటి ఇక్కడొకటి వున్నప్పుడు ఒక ప్రాంతం మొత్తానికి సగటు వర్షపాతం ఎలా కట్టాలో చెప్పాడు. ఒక్కొక్క వర్షమాపకానికి దగ్గరలో వున్న నేలను దాని వాటా కింద లెక్కవెయ్యాలి. 1933 లో విగ్నర్, సైట్జ్ లోహాల్లోని పరమాణువుల చుట్టూ ఇవే వాటాలు గీశారు. కాబట్టి మన దగ్గర కూడా సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి థీసెన్ బహుభుజి అనీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థి విగ్నర్-సైట్జ్ సెల్ అనీ, లెక్కల విద్యార్థి వోరొనోయ్ పటమనీ చదివేది ఒక్కటే వస్తువు. హాస్టల్లో ఒకే గదిలో వుండే ముగ్గురు ఒకే బొమ్మను మూడు పేర్లతో బట్టీపట్టి, అది ఒకటేనని తెలియకుండానే పట్టాలు పుచ్చుకుని పోవడానికి వీలుంది.

ఇక కంప్యూటర్ల కాలం. దగ్గరి పోస్టాఫీసు ఏదో వెంటనే చెప్పాలంటే ఏం చెయ్యాలి అన్న ప్రశ్నను 1973 లో డొనాల్డ్ క్నూత్ తన గ్రంథంలో పెట్టాడు. బావుల ప్రశ్నే ఇది. 1975 లో షేమస్, హోయీ అనే ఇద్దరు పరిశోధకులు, బిందువులను సగం సగం విడగొట్టి విడివిడిగా పటం గీసి కలిపేస్తే పని ఎంతో తొందరగా అవుతుందని చూపారు. పది లక్షల బిందువులుంటే, ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చే పద్ధతికి లక్ష కోట్ల మెట్లు పడతాయి. వీళ్ళ పద్ధతికి సుమారు రెండు కోట్ల స్థాయిలో సరిపోతుంది. ఏళ్ళు పట్టేది గంటల్లోకి, గంటలు పట్టేది క్షణాల్లోకి వచ్చే తేడా ఇది. కంప్యుటేషనల్ జామెట్రీ అనే శాఖ రూపుకట్టింది ఇటువంటి పనులతోనే.

ఆ శాఖవాళ్ళు తమకంటూ సదస్సు పెట్టుకున్నది 1985 జూన్‌లో, అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో. అది ఏటా జరుగుతూనే వుంది. 1986 లో జరిగిన రెండవ సదస్సులో స్టీవెన్ ఫార్చ్యూన్ చదివిన పత్రం వోరొనోయ్ పటం గీసే కొత్త పద్ధతి గురించే. ఒక గీత పటం మీద పైనుంచి కిందికి జరుగుతూ వస్తుంది. దాని వెనకాలే పరావలయాల ముక్కలతో ఏర్పడిన వంకరటింకర అంచు, ఒడ్డుకు వచ్చే అలల అంచులాగా, కదులుతూ వస్తుంది. ముక్కలు కలిసే చోట్లు సాగిపోయిన దారే సరిహద్దు. వేగంలో షేమస్, హోయీ పద్ధతికి తీసిపోదు, అర్థం చేసుకోవడం తేలిక.

2004 లో టోక్యోలో వోరొనోయ్ పటాల కోసమే ప్రత్యేకంగా అంతర్జాతీయ సదస్సు మొదలైంది. గణితజ్ఞులతోపాటు జీవశాస్త్రం, భూగోళం, ఇంజనీరింగ్ వాళ్ళు కూడా ఒకచోట చేరారు. 2008 లో, ఆయన పోయి నూరేళ్ళయిన సందర్భాన, ఆ సదస్సును కీవ్‌లో జరిపారు. పదిహేడేళ్ళ కుర్రవాడి మొదటి వ్యాసం అచ్చువేసిన నగరం అదే. ఉక్రెయిన్ జాతీయ బ్యాంకు ఆ సంవత్సరమే ఆయన పేరున స్మారక నాణెం కూడా విడుదల చేసింది.

తండ్రీ కొడుకులు

ఆయన కుమారుడు యూరీ సర్జన్ అయ్యాడు. 1933 ఏప్రిల్‌లో ఖేర్సొన్ నగరంలో, చనిపోయిన మనిషి మూత్రపిండాన్ని ఒక రోగికి అమర్చాడు. మనిషి మూత్రపిండాన్ని మనిషికి మార్చడం ప్రపంచంలో అదే మొదటిసారి. రోగి రెండు రోజులే బతికాడు. ఒకరి అవయవాన్ని ఇంకొకరి శరీరం ఎందుకు తోసిపుచ్చుతుందో అప్పటికి తెలియదు. అది తెలిశాక, ఇరవై ముప్ఫై ఏళ్ళకు, ఆ చికిత్స వేలమందిని బతికించింది. కాలం కంటే ముందు నడవడం ఆ ఇంట్లో వంశపారంపర్యమేమో!

వోరొనోయ్ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఏ పనికీ రాని లెక్కలు ఏనాటికైనా పనికొస్తాయి అని చెప్పి సరిపెట్టుకోవచ్చు. కాని అది సగం నిజం. పనికిరాకుండానే మరుగునపడిపోయిన లెక్కలు ఎన్నో వుంటాయి. ఆయన పని బతికింది రెండు కారణాల చేత. జబ్బుతో తీసుకుంటూ కూడా, తెలిసినంతవరకు పూర్తిగా, ఇంకొకరు చదివి అర్థం చేసుకునేటట్టు రాసిపెట్టాడు. అది ఒకటి. రాసినదాన్ని అందుకునే చేతులు వుండటం రెండవది. ఆ చేతుల్లో తన భాషలోనే అచ్చు వేసుకుంటానని పట్టుబట్టిన శిష్యుడు వున్నాడు, సహోద్యోగి కొడుకు వున్నాడు, ఆయన వూరి పేరైనా తెలియని అమెరికా పరిశోధకులు వున్నారు. తన ఫలితాలు తనతోనే పోతాయని ఆ రాత్రి నిద్రలేకుండా భయపడిన మనిషి, వీళ్ళెవరినీ వూహించి వుండడు.

మన తరగతి గదుల్లో, ప్రాజెక్టు రిపోర్టుల్లో, సెమినార్లలో జరిగే పని చిన్నదే కావచ్చు. దాన్ని ఇంకొకరు అందుకునేటట్టు రాసిపెట్టడం, ఇంకొకరు రాసినదాన్ని శ్రద్ధగా అందుకోవడం, ఈ రెండూ మన చేతిలోనే వున్నాయి. దేనికి పనికొస్తుందన్న ప్రశ్నకు జవాబు తరువాత వచ్చేవాళ్ళు చెబుతారు.